తవుడుకు కొన్న బిడ్డ

కొడుకు నిద్రపోతే నవతకు భయం. లోకంలో తల్లులందరూ పిల్లాడు ఎప్పుడు పడుకుంటాడా అని చూస్తుంటే, ఈవిడ అలారాలు పెట్టుకుని మరీ హాయిగా పడుకున్నవాణ్ణి లేపి పాలిచ్చేది. ఎనిమిది నెలలవాడు, మగతలోనే నాలుగు గుక్కలు తాగి తల వాల్చేసేవాడు. తాగాడంటే బతికున్నాడని ఆమె లెక్క.

పిచ్చిదనడం తేలికే. వీడికి ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో ఒక రాత్రి ఆ పిల్ల ఏడవలేదు. నిద్రకు మొహం వాచి ఉన్న నవత ఒళ్ళు తెలియకుండా పడుకుంది. తెల్లారి లేచేసరికి రవికె పాలతో తడిసి ఉంది, పక్కన బిడ్డ చల్లబడి ఉంది. ఊపిరి ఎందుకు ఆగిందో డాక్టర్లకే అంతుపట్టలేదు. నీ తప్పేం లేదని అందరూ చెప్పారు. కానీ ఆ రాత్రి నిద్ర ఎంత తియ్యగా పట్టిందో నవతకొక్కదానికే తెలుసు.

అందుకే కొడుకు పుట్టగానే అత్త సమ్మక్క తమ పెద్దలు చేసినట్టే చేసింది. పిల్లాణ్ణి చాటలో పడుకోబెట్టి, తార్నాకలో తమ ఎదురు ఫ్లాట్ భాగ్యలక్ష్మికి చారెడు తవుడుకు అమ్మేసింది. కర్నూలు నుంచి వచ్చి యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసే ఆవిడ, పాపం, ఆ తవుడు కోసం పాలవాడి కాళ్ళావేళ్ళా పడింది. బిడ్డ పరాయివాళ్ళదైతే చావు వాడి జోలికి రాదట. కాగితాల్లో చైతన్య, ఇంట్లో తవుటయ్య.

పిల్లాడి బరువు బాగుందని, రాత్రి పాలిచ్చే సార్లు ఒక్కొక్కటిగా తగ్గిస్తే పగలు అన్నం తింటాడని డాక్టరమ్మ చెప్పింది. నవత తలూపింది గానీ అలారాలు తియ్యలేదు. భర్త కమలాకర్ చెప్పి చెప్పి ఊరుకున్నాడు. నవత తను పనిచేసే క్యాంపస్ లైబ్రరీలో పుస్తకాలు సర్దుతూ నిలబడే కునికేది. ఒక సాయంత్రం సీతాఫల్‌మండి నుంచి ఆటోలో వస్తూ కునికింది, ఒళ్ళోంచి పిల్లాడు జారిపోయాడు. పక్కనే భాగ్యలక్ష్మి ఉంది కాబట్టి పట్టుకుంది.

ఇంటికొచ్చాక భాగ్యలక్ష్మి, అలారాలున్న ఫోన్ ఇమ్మని చెయ్యి చాపింది.

"వీణ్ణి నేను కొన్నా. నా బిడ్డను ఈ రాత్రి లేపొద్దు. ఏడిస్తే పాలియ్యి, లేకుంటే నిద్రబోనీ. నేను ఈడనే కూచుంటా."

"లేవకపోతే, అక్కా?" అంది నవత.

సమ్మక్క కల్పించుకుంది. "అమ్ముకున్న బిడ్డ మీద మనకు హక్కు లేదు బిడ్డా. ఫోనియ్యి."

కన్ను మూయనని నవత మొండికేసింది. కన్ను ఆమె మాట వినలేదు.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ. రవికె తడిసి ఉంది. అప్పుడూ ఇంతే, ఇదే ఎండ, ఇదే తడి, ఇదే తియ్యటి నిద్ర. పక్కకు తిరిగి చూద్దామంటే మెడ తిరగలేదు. భాగ్యలక్ష్మి కుర్చీలోనే ఉంది.

ఇంతలో ఎవరో జడ పట్టి గుంజారు. తవుటయ్య, ఆకలితో మండిపడుతున్నాడు. నవత వాణ్ణి గుండెకు హత్తుకుంది. వాడు గుటగుటా తాగుతుంటే, ఆ ఇంట్లో ఇన్నాళ్ళుగా ఎవరూ పలకని పేరు ఆమె పలికింది.

"మా మనీషా గూడ గిట్లనే తాగేది, అక్కా."