అవ్వ బొట్టు పెట్టిన కెమెరా

ఆ రోజుల్లో మెడలో కెమెరా వేసుకుని నడుస్తుంటే ఆత్మకూర్ అంతా నన్నే చూస్తోందనుకునేవాణ్ణి. (చూసిన మాట నిజమే, పెళ్లి ఫోటోలకు ఎంత తీసుకుంటావని అడగడానికి.) తెలంగాణ కొత్తగా వచ్చిన రోజులవి. అడవి జంతువుల మీద సినిమా తీసే ఒక సారు దగ్గర పనికి కుదిరాను. మా గుట్టలో అలుగు ఉందని, ఒళ్లంతా పొలుసులతో, ముట్టుకుంటే ఉండ చుట్టుకునే ఆ మూగజీవిని చిన్నప్పుడు చూశానని గొప్పగా చెప్పింది నేనే. పొలుసుల కోసం వేటాడి వేటాడి దాన్ని దాదాపు లేకుండా చేశారు. ఏదైనా కదిలితే దానంతటదే వీడియో తీసే కెమెరా ఒకటి బొరియ ముందు చెట్టుకు కట్టాం. పందికొక్కులు వచ్చాయి, మేకలు వచ్చాయి, చూసిపోదామని నేనూ చాలాసార్లు వచ్చాను. అలుగు మాత్రం రాలేదు.

"దసరా దాటంగనే కెమెరా ఇప్పేస్తం. నువ్వు గూడ వేరే పని జూస్కో తమ్మీ," అన్నాడు సారు. ఉద్యోగం పోవడం ఒక బాధ, మా గుట్టలో అలుగే లేదనిపించుకోవడం ఇంకో బాధ.

దసరా నాడు బ్యాటరీ మార్చడానికి కెమెరాను ఇంటికి తెచ్చాను. అవ్వ, అంటే మా అమ్మ, అప్పటికే కొడవలికి, గొడ్డలికి, బాపు బండికి పసుపు కుంకుమ పెట్టి నా కోసం చూస్తోంది. "జర జల్ది పెట్టవ్వా," అని కెమెరా ఆమె ముందుంచి అన్నానికి కూర్చున్నాను. పొద్దు గూకేలోపు ఉరుకుతూ వెళ్లి దాన్ని మళ్లీ చెట్టుకు కట్టేశాను.

మర్నాడు సారు పక్కన కూర్చుని వీడియో చూస్తే తెర మధ్యలో నల్లటి బిళ్ళ.

"ఏందిర గిది, గ్రహణం బట్టినట్టు?"

నాకు అర్థమైంది. అవ్వ బొట్టు సరిగ్గా అద్దం మీద పెట్టింది. చెప్పడానికి నోరు తెరిచేలోపు ఆ బిళ్ళ కింద నుంచి ఒక పొలుసుల తోక మెల్లగా కదిలింది. తోక మీద పిల్ల ఒకటి కరుచుకుని ఉంది. సారు తెరకు దగ్గరగా జరిగాడు.

"తోక చాలు తమ్మీ. పిల్ల గూడ ఉన్నది. గీ గుట్ట ఇడిసి యాడికి పోం."

నాకు ఏడుపొచ్చింది. అయినా ఇంటికెళ్లి అవ్వ మీద ఎగిరాను, అద్దానికి ఎవరైనా బొట్టు పెడతారా అని.

"మొకానికి పెట్టక ఈపుకు పెడ్తరా బిడ్డా? జూస్తివా, బొట్టు పెట్టినంకనే వచ్చింది," అంది.

తర్వాత ఆ తల్లీపిల్లల్ని ముక్కూ ముఖంతో సహా తీశాం. సినిమాలో ఉన్నది అదే. అవ్వ ఇప్పుడు లేదు. దసరాకు కెమెరాకు బొట్టు నేనే పెడతాను, చదువుకున్నవాణ్ణి కదా, వీపుకే పెడతాను. ఆ రాత్రి బొరియలోంచి ఏదీ బయటికి రాకపోతే మాత్రం తప్పు నాదేననిపిస్తుంది.