సముద్రానికి చట్టం చదివి చెప్పిందెవరు?

ఇవాళ మనవరాలు ఫోనులో సముద్రం పోటు వేళలు చూపించింది. వెంటనే ఎండు రొయ్యల వాసన, మా వంటింటి గోడ మీద బొగ్గుతో నేను రాసిన లెక్కలు గుర్తొచ్చాయి. మీ ఇళ్లలోనూ గోడలే కదా నోటుపుస్తకాలు?

అప్పుడు నాకు పదిహేనేళ్లు. ప్రకృతికి చట్టాలున్నాయనీ, వాటిని ఏ దేవుడూ మార్చలేడనీ ఒక కరపత్రంలో చదివి ఊగిపోతున్నాను. పోటు రోజుకు రెండు గడియలు ఆలస్యమవుతుందని లెక్కగట్టి, నెలకు సరిపడా గోడ మీద రాసేశాను. మా అవ్వ మాత్రం ఎండు రొయ్యల బుట్టతో అవతలి ఒడ్డు సంతకు పోతూ, నీళ్లు తగ్గి బురదలో పీతలు బయటికొచ్చాకే ఉప్పుటేట్లో దిగేది.

"పీతల్ని అడిగేదేందవ్వా? ఇది చట్టం. సముద్రం మీరలేదు!" అని అరిచాను.

"ఆ చట్టం సముద్రానికి ఎవురు చదివి చెప్పినార్రా అబ్బయా?"

కోపంతో రొయ్యల బుట్ట లాక్కుని నేనే దిగాను. ఆ రోజు తూర్పుగాలి సముద్రాన్ని ఏట్లోకి తోయడంతో నా లెక్క వేళకు నీళ్లు తగ్గనే లేదు. నడి ఏట్లో గొంతుదాకా వచ్చాయి. అవ్వ వెనకాలే దూకి, జుట్టు పట్టుకుని నన్ను ఒడ్డుకు లాగింది. వారం రోజులు ఎండబెట్టిన రొయ్యలు కొట్టుకుపోయాయి.

"తప్పు సముద్రానిదే!" అన్నాను రొప్పుతూ.

"అట్టయితే పోయి దాన్ని జైల్లో పెట్టు" అనింది అవ్వ, చీర కొంగు పిండుకుంటూ.

"మరి నీళ్లు తగ్గలేదని నీకెట్లా తెలిసింది?"

"నాకేం తెల్సు? రోజూ చూస్తా, అంతే."

మర్నాడు ఏటి ఒడ్డున ఆమె పక్కన గొంతుక్కూర్చుని, పీతల కోసం బురదకేసి చూశాను. సముద్రం చట్టాన్ని పాటిస్తుందా, లేక సముద్రాన్ని చూసి మనమే చట్టం రాసుకుంటామా? నీళ్లు తగ్గేదాకా అదే ఆలోచన. నీళ్లు తగ్గినా అది తెగలేదు.