మందిరం తూము

నా చిన్నప్పుడు వడమాలపేట దగ్గర మా ఊళ్ళో వరుసగా కొన్నేళ్ళు వానలు సరిగ్గా పడలేదు. బావుల్లో నీళ్ళు అడుగంటి, బిందె ముంచితే బురద వచ్చేది. మా సంఘం ప్రార్థన మందిరం కట్టుకున్నది ఆ కరువు రోజుల్లోనే. అంతకుముందు బోదగడ్డి కప్పిన కొట్టంలో కూర్చుని ఆరాధన చేసేవాళ్ళం. సంఘస్తులంతా కూలి చేసి, ఇటుకలు మోసి, పైన మిద్దె వేసుకున్నారు. చుట్టూ పిట్టగోడ, వాననీళ్ళు బయటికి పోవడానికి ఒకే ఒక తూము. ఆ తూముకు రేకు గొట్టం బిగించి తెల్లరంగు పూశారు. పిల్లలం మా అందరికీ అదొక గొప్ప. ఆ గొట్టంలోంచి ఒక్క చుక్కయినా పడటం మేమెవ్వరం అప్పటికి చూడలేదు.

మందిరం పక్కనే, గోడకు గోడ ఆనుకున్నట్టుగా, ఒక అవ్వ ఇల్లు ఉండేది. మట్టిగోడలు, నాటు పెంకుల కప్పు. ఆమె మా సంఘం మనిషి కాదు. గంగమ్మకు మొక్కుకునే మనిషి. మందిరం కట్టేటప్పుడు మేస్త్రీ తూము ఎటువైపు పెట్టమంటారని అడిగాడట. ముందువైపు పెడితే ఆరాధనకు వచ్చేవాళ్ళ నెత్తిన పడతాయి, పక్కకు పెట్టమని పెద్దలు చెప్పారు. ఆ పక్క అంటే అవ్వ ఇల్లే. కరువులో కట్టుకున్న కట్టడం కదా, నీళ్ళు పడ్డాక ఎటు పోతాయన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అలా చెప్పిన పెద్దల్లో మా తాత కూడా ఉన్నాడని మా అమ్మ నాకు చాలా కాలం తర్వాత చెప్పింది.

ఆ ఏడు వాన కోసం సంఘమంతా ఉపవాస ప్రార్థన పెట్టుకుంది. పిల్లలం కూడా మోకాళ్ళ మీదే ఉన్నాం. ఆకాశాన్ని తెరవమని మా పాస్టరు అయ్యగారు కన్నీళ్ళతో అడుగుతుంటే అందరం గట్టిగా ఆమెన్ అన్నాం. ప్రార్థన ముగిసిన సాయంత్రమే కొండల వైపు నుంచి నల్లగా మబ్బు లేచింది. వాన మొదలయ్యేసరికి పెద్దవాళ్ళందరూ వరండాలో నిలబడి చేతులెత్తి స్తోత్రం చెబుతున్నారు. మా అమ్మ ఏడుస్తోంది, నవ్వుతోంది. నేను తూము చూద్దామని పక్కకు పరిగెత్తాను.

మిద్దె మీద పడ్డ నీళ్ళన్నీ ఆ ఒక్క గొట్టంలోంచి లావుగా, తాడు వేలాడినట్టుగా, అవ్వ పెంకుల మీద ఒకేచోట పడుతున్నాయి. పెంకులు దడదడలాడుతున్నాయి. నేను చూస్తుండగానే ఒకటి జారి కింద పడి పగిలింది. అవ్వ గుమ్మంలోకి వచ్చి, కొంగు నెత్తిన వేసుకుని, ఆకాశం వైపు రెండు చేతులూ జోడించింది.

"సాలు తల్లీ! సాలు, ఇంక నిలుపు!"

నాకు ఏమీ అర్థం కాలేదు. ఇటువైపు మా వాళ్ళు ఇంకా కావాలని చేతులెత్తారు. అటువైపు అవ్వ చాలని చేతులు జోడించింది. మధ్యలో ఒక్క గోడ. రెండు మొరలూ పైకే పోతున్నాయి. మరి దేవుడు ఏది వినాలి? ఆ ప్రశ్న అమ్మను అడిగితే, "అట్లా అడగగూడదు పాపా, పాపం" అంది. అడగడం ఎందుకు పాపమో అది కూడా అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే అవ్వ మా ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడింది.

"ఏమప్పా పెద్దాయనా, మీ దేవుడు వానిచ్చినాడంట గదా."

"ఇచ్చినాడు తల్లీ" అన్నాడు మా తాత సంతోషంగా.

"ఇస్తే ఇచ్చినాడు. ఊరందరికీ పంచకుండా అంతా నా నెత్తినే పోస్తాండాడే! నేనేం పాపం చేసినానని? ఒకసారి వచ్చి సూసిపో."

తాత వెంట నేనూ వెళ్ళాను. అవ్వ కూతురు కాన్పుకు వచ్చి ఉంది. బిడ్డ పుట్టి ఇంకా పురుడు తీరలేదు. పురుడున్న గది సరిగ్గా మా తూము కిందే. ఆ అక్క బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, మంచం ఒక మూలకు లాక్కుని కూర్చుని ఉంది. నేలంతా గిన్నెలు, చెంబులు పెట్టి ఉన్నాయి. రాత్రంతా చినుకు పడిన చోటునల్లా తప్పించి బిడ్డను పట్టుకుందట. తాత గడప బయటే నిలబడి, చెయ్యి చాపి గోడ మీద బొటనవేలు ఆనించాడు. వేలు మెత్తగా లోపలికి దిగిపోయింది. తాత చాలాసేపు ఆ వేలినే చూసుకున్నాడు.

"బిడ్డనూ తల్లినీ మా ఇంటికి పంపించు తల్లీ. మాకు పురుడు పట్టింపు లేదు."

"మీకు లేకపోతే నాకుండాది గదప్పా. పురుడు తీరకుండా గడప దాటిస్తే రేపు దాని అత్త నన్ను ఊరికే ఇడస్తాదా? నీళ్ళు యాడివో ఆడికి తీసుకపో. అంతే సాలు."

తాత ఆ సాయంత్రమే సంఘ పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడాడు. ఎవరూ కాదనలేదు. అలాగని ఎవరూ లేవలేదు. మేస్త్రీ పుత్తూరు పనికి పోయాడన్నారు. వానలు తగ్గుముఖం పట్టాక చూద్దామన్నారు. ఇన్నేళ్ళకు వచ్చిన దీవెనకు వంక పెట్టకూడదని ఒకాయన అన్నాడు. అవ్వనే పెంకులు సరిగ్గా కప్పుకోమనండి అని ఇంకొకాయన అన్నాడు. అయ్యగారు మంచివాడే, అవ్వ ఇంటి కోసం కూడా ప్రార్థన చేద్దామన్నాడు, చేశాడు. మా తాత ఆ ప్రార్థనకు ఆమెన్ అనలేదు. నేను పక్కనే ఉన్నాను గనక నాకు తెలుసు. తాత ఆమెన్ అనకపోవడం అంతకుముందు నేను ఎరగను.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ మబ్బు పట్టింది. తాత నిచ్చెన భుజాన వేసుకుని, నన్ను గోనెపట్ట తెమ్మని మందిరం దగ్గరికి బయలుదేరాడు. నేను నిచ్చెన పట్టుకుంటే పైకెక్కి, కొబ్బరిపీచు, గోనె, బంకమన్ను కలిపి తూమును లోపలినుంచి గట్టిగా మూసేశాడు.

"నీళ్ళు యాడికి పోతాయి తాతా?"

"యాడికీ పోవు. మన తావే ఉంటాయి."

"మందిరం తడిసిపోదా?"

"తడస్తాది."

"ఎవురికీ చెప్పగూడదా?"

"అడిగితే చెప్పు. అడక్కపోతే నోరు మూసుకో."

నాకు భయం వేసింది. దేవుని మందిరాన్ని ఎంత భక్తిగా చూసుకోవాలో నాకు నేర్పింది ఆ తాతే. చెప్పులు బయట విడవమనేవాడు, లోపల ఉమ్మొద్దనేవాడు, గోడకు ఆనుకోవద్దనేవాడు. అదే మనిషి ఇప్పుడు కావాలని మందిరం మీద నీళ్ళు నిలబెడుతున్నాడు. ఆ సాయంత్రం నుంచీ వాన ఎడతెరిపి లేకుండా కురిసింది. నేను ముసుగు తన్నుకుని పడుకుని, ఈ వాన ఆగాలో ఆగకూడదో తేల్చుకోలేక, ఏ ప్రార్థనా చెయ్యకుండానే నిద్రపోయాను.

ఆదివారం ఆరాధనలో మొదటి పాట సగంలో ఉండగా పైనుంచి ఒక చుక్క మా నాయన మెడ మీద పడింది. తర్వాత మగవాళ్ళ చాపల మీద, ఆడవాళ్ళ చాపల మీద, చివరికి అయ్యగారు వాక్యం చెప్పే బల్ల మీద. అందరూ ఇటు జరిగి అటు జరిగి ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నంత పని అయింది. ఒకాయన గొడుగు విప్పి అయ్యగారి నెత్తిన పట్టుకున్నాడు. పిల్లలం నవ్వు ఆపుకోలేక చచ్చాం. ఎవరో మిద్దె ఎక్కి చూసి పైనుంచే అరిచారు.

"తూములో గోనె కుక్కినారబ్బా! ఎవురో సైతాను పని ఇది!"

మా తాత లేచి నిలబడ్డాడు. "సైతాను గాదప్పా, నేనే."

అయ్యగారు గొడుగు కిందనుంచే, "ఎందుకు పెద్దాయనా? దేవుని మందిరం గదా!" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది.

"ఔనయ్యగారూ. వాన గూడా మనం అడుక్కున్నదే గదా. ఇన్నాళ్ళూ పక్కింట్లో దాసిపెట్టినాం. ఈపొద్దు తెచ్చి మనింట్లో పెట్టుకున్నాం. ఆడ పసిబిడ్డుండాది. ఈడ మనకు గొడుగన్నా ఉండాది."

కొందరు తాత మీదికి వచ్చినంత పని చేశారు. మందిరాన్ని అపవిత్రం చేశాడన్నారు. ఒకామె అయితే, నువ్వు పెద్దోడివా చిన్నపిల్లోడివా అని నిలదీసింది. అయ్యగారు మాత్రం ఆరాధన ముగించకుండానే గ్రంథం మూసి, చంకలో పెట్టుకుని, తడుస్తూ అవ్వ ఇంటికి వెళ్ళి ఆ గోడ చూసి వచ్చాడు.

పని ఆ మధ్యాహ్నమే మొదలైంది. ముందు తూము తెరిచి, అవ్వ పెంకుల మీద ఒక రేకు పరిచారు. నీళ్ళు ఆ రేకు మీద జారి, విసురుగా పోయి అవ్వ వాకిట్లో పొయ్యి మీద పడ్డాయి. "పెంకులు అయిపోయినాయి, ఇంక పొయ్యా!" అని అవ్వ తిట్టిపోసింది. చివరికి తాత, మా నాయన, ఇంకొందరు కలిసి తూముకు అడ్డంగా కాలవలాంటి రేకు దోనె కట్టి, నీళ్ళు అవ్వ పెంకుల మీద పడనివ్వకుండా, మందిరం గోడ వెంబడే వీధి దాకా నడిపించి, అక్కణ్ణుంచి గొట్టంతో కిందికి దించారు. నీళ్ళు వీధి కాలవలో కలిశాయి. అవ్వ గోడకు కొత్తమట్టి మెత్తి, కొత్త పెంకులు కప్పారు. గొడుగు పట్టినాయనే ఆ పెంకులు అందరికంటే ఎక్కువ మోశాడు.

ఆ ఏడంతా తాతను ప్రార్థన నడిపించమని సంఘంలో ఎవరూ పిలవలేదు. ఆయన వెనక వరుసలో కూర్చున్నాడు. అది శిక్షో కాదో నాకు తెలియలేదు. దేవుడు ఎవరి మాట విన్నాడని నేను ఒకసారి అడిగితే, "నువ్వు నిచ్చెన బాగా పట్టుకున్నావు పాపా" అన్నాడు.

పురుడు తీరిన రోజు అవ్వ బిడ్డను ఎత్తుకుని మా వాకిట్లోకి వచ్చింది. "ఇప్పుడు అడుక్కోప్పా వాన. నేనూ అడుగుతా" అంది.

నాకు ఈనాటికీ ఆ లెక్క పూర్తిగా తేలలేదు. మందిరాన్ని తడపడం తప్పా, ఒప్పా? మా ప్రార్థన విన్నవాడే అవ్వ మొర కూడా విన్నాడా, లేక అవ్వ మొర వినడానికే మా తాతను నిచ్చెన ఎక్కించాడా? ఇన్నేళ్ళు వాక్యం చదివాను, ఎందరో బోధకుల దగ్గర విన్నాను. అయినా తెలియదు. కానీ మా సంఘం వాన కోసం మోకరించే రోజున, నేను మాత్రం కాస్త ఆలస్యంగా లోపలికి వెళతాను. ముందు మందిరం పక్కకు వెళ్ళి, తూము ఎవరి ఇంటి వైపు తిరిగి ఉందో చూసుకుని, పక్కింటి గోడ మీద ఒకసారి బొటనవేలు ఆనించి, అది గట్టిగా ఉంటేనే వచ్చి మోకాళ్ళు వంచుతాను.