నిన్న మావ వెనక కూర్చున్నాం

నిన్న పొద్దున అరకులో, మా ఆశ్రమ పాఠశాల పిల్లలు ప్రేయర్‌కి లైన్ కడుతుంటే ఫోన్ తీశాను.

వాట్సాప్ స్టేటస్‌లో మా బొంజు మావ ఫోటో. చుట్టూ పార్టీ రంగులు. కింద "మా పార్టీ మూలస్తంభం ఇక లేరు" అని.

పెట్టింది పార్టీ జిల్లా ఇన్‌చార్జి.

అబద్ధమనుకున్నాను. మొన్న సాయంత్రమే కదా, కాఫీ పళ్ళు ఎండబెట్టాను, మబ్బు పట్టింది అని ఫోన్లో ఆకాశాన్ని తిట్టాడు!

తర్వాత అత్త ఫోన్ చేసింది. గుండెనొప్పి అంటే జీపులో పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్ళారట. తెల్లారేసరికి పోయాడు.

మా అమ్మకి సొంత అన్న. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని ముంచింగిపుట్టు సంతంతా తిప్పినవాడు. ఆయన పోయాడని నేను ఆ మనిషి స్టేటస్ చూసి తెలుసుకోవాలా?

మూలస్తంభమట. ఆ స్తంభాన్ని పీకి బయట పడేసింది ఎవరో కూడా రాసుంటే బాగుండేది.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను.

మా మండలంలో పార్టీ అధ్యక్షుణ్ణి ఎన్నుకోడానికి ఒక పద్ధతి ఉండేది. పోటీ చేసేవాళ్ళిద్దరూ సంత మైదానంలో ఎడంగా కూర్చుంటారు. ఎవరికి ఎవరు కావాలో వెళ్ళి వాళ్ళ వెనక కూర్చోవడమే. ఎవరి వరస పొడుగైతే వాళ్ళు నెగ్గినట్టు. ఓడినవాడు లేచి, నెగ్గినవాడికి మొదటి ఆకుడొప్ప జీలుగు కల్లు తన చేత్తో పొయ్యాలి. పోశాడా, గొడవ అక్కడితో సరి.

ఒకసారి మావ ఓడిపోయాడు.

ఊళ్ళన్నీ చూస్తుండగా మా అత్త వెళ్ళి ఎదుటివాడి వెనక కూర్చుంది!

ముఖం మాడ్చుకునే లేచి కల్లు పోశాడు మావ. ఇంటికి నడిచినంతసేపూ అత్తని సాధించాడు.

"నా పెళ్ళానివై ఉండి ఆడి ఎనక కూకుంటావేటే?"

"నువ్వు నెగ్గితే ఇంటికాడ ఉంతావేటి? మీటింగులని పాడేరు పట్టుకుని తిరుగుతావు. పోడు పని ఎవులు సేత్తారు, నీ పార్టీ వొచ్చి సేత్తాదా?"

మావ నవ్వేశాడు. ఆ తర్వాత ఆయన నెగ్గిన ఎన్నికల్లో కూడా అత్త అటే కూర్చుంది. ఇటు రమ్మని ఆయన ఏనాడూ అడగలేదు. ఎవరి ఇష్టం వాళ్ళది అనేవాడు.

తర్వాత రూల్ మారింది.

పాడేరులో ఫంక్షన్ హాల్లో మీటింగ్ పెట్టారు. ఇకమీదట మండల అధ్యక్షుల్ని పైవాళ్ళే నియమిస్తారని ఇన్‌చార్జి మైకులో చదివాడు. "అందరికీ ఆమోదమే కదా" అన్నాడు. ముందు కుర్చీల్లోవాళ్ళు చప్పట్లు కొట్టారు. అంతే, ఏకగ్రీవమట! బిర్యానీ ప్యాకెట్లు పంచడం మొదలెట్టారు.

మావ లేచి మైకు అందుకున్నాడు.

"సప్పట్లు పెళ్ళిలో కూడా కొడతాం బాబూ. ఇట్టమైనోలు ఇటు, ఇట్టం లేనోలు అటు కూకోండి. బేగి తేలిపోద్ది."

హాలంతా నవ్వులు. మైకు కట్. "పెద్దాయనా, పార్టీలో క్రమశిక్షణ ముఖ్యం" అని ఇన్‌చార్జి గారు సుద్దులు చెప్పారు.

ఆ వారంలోనే పార్టీ వాట్సాప్ గ్రూప్‌లోంచి మావని రిమూవ్ చేశారు. నోటీసు లేదు, పిలిచి అడిగింది లేదు. జెండా మోసి మోసి భుజం కాయ కాసినవాణ్ణి వేలితో నొక్కి తీసేశారు. సిగ్గుండాలి.

నాకు ఆ ఫోన్ చూపించి మావ అన్నాడు.

"ఒసే గుంటా, అడక్కుండా తీసేసినోలు, రేపు నాను సచ్చినాక అడక్కుండా జెండా కప్పేత్తారు సూడు. కప్పనియ్యకు."

నిన్న మధ్యాహ్నం మావ వాకిట్లో వాళ్ళు సరిగ్గా ఆ పనికే దిగారు. కారు, కెమెరా, మడత విప్పని కొత్త జెండా.

అడ్డంగా నిలబడి వద్దన్నాను.

"అమ్మా, ఇది కార్యకర్తల సెంటిమెంట్" అన్నాడు ఇన్‌చార్జి.

ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చింది అనబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆలు సెప్పినట్టూ వొద్దు, నువ్వు సెప్పినట్టూ వొద్దే. అందర్నీ అడుగుదాం."

ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి జెండా దాని మీద పెట్టించింది. ఇటు పక్క మావని పడుకోబెట్టిన మంచం.

"కప్పాలన్నోలు జెండా ఎనక కూకోండి. వొద్దన్నోలు ఈయన ఎనక కూకోండి."

ఏడుస్తున్నవాళ్ళు ఏడుస్తూనే లేచారు. ముసలివాళ్ళు, చంకలో పిల్లలున్న ఆడవాళ్ళు, మావతో ఏళ్ళ తరబడి మాటల్లేనివాళ్ళు, అందరూ మావ వెనకే. వరస వాకిలి దాటి కాఫీ తోటలోకి వెళ్ళిపోయింది. ఇన్‌చార్జి కారులో వచ్చినవాళ్ళు వాళ్ళూ వచ్చి మావ వెనకే కూర్చున్నారు. డ్రైవర్ కూడా.

జెండా కుర్చీ వెనక ఇన్‌చార్జి సార్ ఒక్కరే.

సార్, ఓడినవాళ్ళు డొప్ప పొయ్యాలి. మావ ఓడిన రోజు పోశాడు. మీరు జెండా చంకన పెట్టుకుని, ఫోన్ వచ్చిందని కారెక్కేశారు. ఆ స్టేటస్ కూడా తీసెయ్యండి. మా ఇంటి ముందు ఫ్లెక్సీ కడితే నేనే చింపుతాను, ముందే చెబుతున్నా.

మావా, నువ్వు చూడలేదు కాబట్టి ఈ మాట నీకోసం రాస్తున్నా.

అందరూ కూర్చున్నాక అత్త వచ్చింది. నీ తల వెనక, వరసలో అందరికన్నా ముందు కూర్చుంది. నీ జుట్టు సర్దింది.

"ఇదిగో, కూకున్నాను" అంది. "ఇంక ఏ మీటింగుకీ ఎల్లవు గదా."

నెగ్గావు మావా.

ఇంక హాయిగా పడుకో.