ఈశ్వరమ్మ తొట్టి దగ్గర తేలని ఐదు వందల లీటర్లు

నందికొట్కూరు అవతల ఒక పల్లెలో మా చిన్నమ్మ ఈశ్వరమ్మకు ఎనిమిది గేదెలున్నాయి. వాటి పాల మీదే ఆమె ఇల్లు గడుస్తుంది. ఈ ఎండాకాలం ఊరి బోరులో నీళ్లు తగ్గేసరికి అందరి కళ్లూ ఆమె కొట్టానికి వెళ్లే పైపు మీద పడ్డాయి. రోజుకు ఎనిమిది వందల లీటర్లు దాటితే పైపు తీసేస్తామని చెప్పి ఊరి పెద్దలు మీటరు బిగించారు. వారం తిరిగేసరికి అది రోజుకు పన్నెండు వందలు చూపించింది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి తీర్పు. పైపు పోతే గేదెలను అమ్ముకోవడమే. నేను కర్నూలులో నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను కాబట్టి, వచ్చి లెక్క తేల్చమని చిన్నమ్మ ఫోను చేసింది.

కర్నూలులో ఆరింటికి బస్సెక్కితే గంటకు కాస్త అటూఇటూగా నందికొట్కూరు చేరతారు. టికెట్టు యాభై లోపే. అక్కడి నుంచి షేర్ ఆటోకు ముప్పై రూపాయలు. నిండితే గానీ ఆటో కదలదు, ఇంకో అరగంట కలుపుకోండి. ఎవరింటికని అడిగి తెలుసుకున్న డ్రైవరు, "ఊరి నీళ్లన్నీ ఆ ఎనుములే తాగుతాండాయంట కదమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా మీటరు చూపే అంకె కూడా అదే చెబుతోంది.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు పని మొదలుపెట్టాను. ప్రతి గేదెకూ బకెట్లు లెక్కపెట్టి నీళ్లు పెట్టాం. కడగడానికి, కుడితికి, పాల క్యాన్లకు అయినవన్నీ రాసుకున్నాను. సాయంత్రం పెట్టాల్సినవి కలిపినా ఏడు వందలు దాటడం లేదు. మిగతా ఐదు వందలు ఎటు పోతున్నట్టు? పైపు అతుకులన్నీ తడిమి చూశాను, ఎక్కడా చెమ్మ లేదు. పన్నెండైంది. చిన్నమ్మే నా దగ్గర ఏదో దాస్తోందన్న అనుమానం వచ్చింది. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఒంటిగంటకు రోడ్డు మీద దుమ్ము లేచింది. మేత వెతుక్కుంటూ పోయే గొర్రెల మంద ఒకటి, నూటికి పైగా ఉంటాయి, నేరుగా కొట్టం ముందున్న మా నీళ్ల తొట్టి మీదికి వచ్చింది. కాపరి అడగనూ లేదు, చిన్నమ్మ పలకరించనూ లేదు. లేచి కుళాయి తిప్పింది, అంతే. మీటరు ముల్లు గిర్రున తిరిగింది. రోజూ ఇంతేనా అని అడిగితే, ఏదో ఒక మంద వస్తూనే ఉంటుందంది. మరి నాకెందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

"దప్పికకు తాపిన నీళ్లు యాడన్నా లెక్క కడతారా పాపా? మీటింగులో ఈ మాట చెప్పొద్దు. చెప్పుకుంటే తాపినట్టే కాదు."

నాలుగింటికి పంచాయతీ ఆఫీసు ముందు యాభై మంది చేరారు. పెద్దమనిషి మద్దిలేటన్న మీటరు అంకె చదివి, ఏం చెప్పుకుంటావని అడిగాడు. చిన్నమ్మ నోరు విప్పలేదు. నా నోరు ఆగలేదు. గేదెలకు ఏడు వందలు, దారిన పోయే మందలకు ఐదు వందలని చెప్పేశాను. ఆ మందలను ఊళ్లో చూడనివారు లేరు, కానీ అవి తాగే నీళ్లు ఎవరి లెక్కలోకీ రాలేదు.

మద్దిలేటన్న అంకె రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అట్లయితే వానలు పడేదాకా మందలకు నీళ్లు ఆపమ్మా. నీ పైపు ఉంటాది."

"సరేన్నా. రేపు ఒంటిగంటకు నువ్వే వచ్చి, తొట్టికాడ నిలబడి ఆ జీవాలను అదిలించు. నాకు చేత కాదు."

పోనీ ఇంకెవరన్నా వస్తారా అని చిన్నమ్మ అందరినీ చూసింది. మద్దిలేటన్న తలెత్తకుండానే తువ్వాలు దులుపుకుని లేచాడు. "పైపు ఉండనీండి" అని వెళ్లిపోయాడు.

వద్దన్న మాట చెప్పినందుకు చిన్నమ్మ నాతో ఆ సాయంత్రమంతా మాట్లాడలేదు. గేదెలు నిలిచాయన్న సంతోషం ఆమె ముఖంలో కనిపించలేదు. నేను ఆమె పైపు కాపాడాను, కానీ ఆమె ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పకుండా చేసిన పనిని నలుగురిలో అంకె చేసి పెట్టాను. మళ్లీ అదే పరిస్థితి వస్తే చెప్తానా? చెప్తాను. ఆమె మళ్లీ అలుగుతుంది.

ఇటువైపు కొట్టాల్లో నీటి లెక్క తీయడానికి వచ్చేవారికి ఒక్క మాట: మీటరు అంకె చూసి తిరుగు బస్సు ఎక్కేయకండి. టోపీ పెట్టుకుని పగలంతా తొట్టి దగ్గరే కూర్చోండి, పన్నెండు నుంచి రెండు దాకా మాత్రం అన్నానికి కూడా లేవకండి.