పోలమ్మక్క అడిగే మాట

“సూదుల్తో మెదడులో కొత్త కణాలు మొలిపిస్తారంట పిన్నమ్మా. రేపు పొద్దున్నే కారు చెప్పినా.”

“మొలిపించేదానికి మీ అమ్మ తలకాయ ఏమన్నా నారుమడా రమణయ్యా?”

“నువ్వు చెప్పిన మునగాకు, చేపలు ఆర్నెల్లు పెట్టినాం. ఏమొరిగింది? నిన్న నన్నే ‘ఎవరు నాయనా నువ్వు’ అనింది!”

పొయ్యి మీద చిన్నచేపల పులుసు వాసన ఇల్లంతా కమ్ముకుంటా ఉంది. ఈ మతిమరుపు జబ్బు తిండితో పోదని, ఒంట్లో సత్తువ మాత్రం నిలుస్తుందని నెల్లూరు డాక్టరు మొదట్లోనే చెప్పినాడు. అయినా లోపల ఆశ పెట్టుకున్నది నేనే. ఇప్పుడు సూదులు వద్దంటున్నది నా బుద్ధా, నా మొండితనమా? ఒకవేళ అవి పనిచేసేవే అయితే, అక్కకి దక్కేదాన్ని నా నోటితో నేనే చెడగొట్టినట్టు కాదా?

రమణయ్య వాళ్ళమ్మ పోలమ్మక్క విడవలూరులో మా నాట్ల ముఠాకి పెద్ద. మూడో తరగతితో బడి మానేసిన నన్ను పదహారేళ్ళప్పుడు మడిలోకి దించింది ఆమే. ఒకరోజు తొందరగా ఇంటికి పోవాలని నారు పైపైన గుచ్చి గట్టెక్కినాను. ఆమె వంగి రెండు మొక్కలు పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చాయి. “ఏమ్మే, నీళ్ళలో తేలేదానికా నాటింది?” అని వరసంతా పీకించి మళ్ళీ నాటించింది. నేను ముగించేదాకా తానూ నా పక్కనే వంగి ఉంది.

పురుగుమందు అమ్మేవాళ్ళు వస్తే ఆమె అంతా వినేది. విన్నాక, “ఎవరి మడిలో కొట్టినారయ్యా? పోయి చూసొద్దాం పద,” అని చెంగు దోపుకునేది. ఒకసారి అట్లా నన్ను వెంటబెట్టుకుని ముత్తుకూరు దాకా పోయింది. పైరు నిజంగానే బాగుంది. తిరిగొచ్చి ఆ మందే కొనమని మా రైతుకి చెప్పింది. కొత్తదంటే ఆమెకేం పగ లేదు. కళ్ళతో చూడాలి, అంతే.

ఆ సూదులతో బాగుపడిన మనిషిని ముందు చూసొద్దామని రమణయ్యకి చెప్పినాను.

మరుసటి పొద్దున కారు వాకిట్లోకొచ్చింది. ఎక్కే ముందు రమణయ్య ఆ సూదులేసే ఆసుపత్రికి ఫోన్ చేసి, “మా అమ్మలాంటి మనిషి మీ దగ్గర బాగుపడి ఉంటే చూపిస్తారా? ఎంత దూరమైనా వస్తాం,” అన్నాడు. అవతలి అమ్మాయి వీడియో పంపుతామంది. మనుషుల వివరాలు చెప్పకూడదంది. తర్వాత నెల్లూరు డాక్టరుకి చేస్తే, “అది ఇంకా పరీక్షల్లోనే ఉంది, ఇప్పుడే వద్దు,” అన్నాడు.

కారు వెనక్కి పోయింది. రమణయ్య గడప మీద కూర్చుని ఏడ్చినాడు. నా భయమూ పోలేదు. అన్నంలో మునగాకు పప్పు కలిపి అక్క నోటికి అందించినాను. మూడు ముద్దలు తినింది. నాలుగోది చేత్తో ఆపి, నా మొహంలోకి చూసి, “నువ్వెవరి కూతురివమ్మా?” అనింది.

చెప్పినాను.