పచ్చలైటు శ్రుతి

శ్రుతి చెవితో పెడతారనుకుంటూ పెరిగాను. సారపాకలో కాపురం పెట్టాక, కమిటీ తీర్మానంతో కూడా పెట్టవచ్చని తెలిసింది.

మా ఆయనకు కాగితం మిల్లులో ఉద్యోగం. నేను కాలనీ పిల్లలకు వయొలిన్ నేర్పేదాన్ని. మామ పోయాక అత్తమ్మ కల్లూరు నుంచి మా దగ్గరికి వచ్చేసింది. పొలంలో నాట్లు వేస్తూ పాడిన గొంతు ఆమెది. కాలనీలో ఆమెకు చుట్టమూ లేదు, పక్కమూ లేదు. ఉన్నదల్లా శనివారం భజన. మండలిలో తంబుర ఆమెదే, ముందు గొంతూ ఆమెదే. శుక్రవారమే చీర ఉతికి, గంజి పెట్టి ఆరేసుకునేది. ఆ భజన లేకపోతే ఆమెకు మిగిలేది మా వంటింటి గోడలే.

మండలి అధ్యక్షుడు స్టోర్స్‌లో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. వాళ్ల నాన్న కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్న కుటుంబం. సంగీతంలో ఆయనకున్న ప్రవేశం ఏమిటంటే, మండలికి హార్మోనియం కొనిచ్చాడు. గంట కొనిచ్చినంత మాత్రాన ఎవరూ పూజారి అయిపోరు గానీ, ఈయన మాత్రం హార్మోనియం కొనిచ్చిన మర్నాటి నుంచే విద్వాంసుడైపోయాడు. దానికి తోడు తొమ్మిది అంకె పిచ్చి. స్కూటరు నంబరు కూడితే తొమ్మిది, సెల్‌ఫోను నంబరు కూడితే తొమ్మిది. ఉద్యోగంలో ఉండగా కూడితే ఎనిమిది వచ్చే క్వార్టరు ఇచ్చారట. ఎనిమిది శని అంకె అని దాన్ని వదిలి, పడమటి ఎండ నేరుగా కొట్టే క్వార్టరుకు మారి, ఏళ్ల తరబడి ఉడుకుతూ కాపురం చేశాడు.

ఆ యేడు నవమి రోజుల్లో భద్రాచలంలో వేదిక మీద పాడమని మండలికి కబురొచ్చింది. వెంటనే అధ్యక్షుడికి క్లిప్ ట్యూనర్ కావాల్సి వచ్చింది. అప్పట్లో అది మా వైపు కొత్త. బట్టలారేసే క్లిప్పులా తంబుర తలకు పట్టిస్తే, తీగ మీటగానే కర్రలోని అదురును పట్టుకుంటుంది. తీగ తగ్గితే ముల్లు ఎడమకు పోయి ఎర్రలైటు, ఎక్కువైతే కుడికి పోయి ఎర్రలైటు, సరిపోతే మధ్యలో పచ్చలైటు. గాలిలో శబ్దాన్ని వినదు కాబట్టి పక్కన డోలక్ మోగినా, వీధిలో జామాయిల్ లారీ పోయినా దానికి పట్టదు. మంచి వస్తువే. నాకు దాని మీద ఏ కోపమూ లేదు.

అధ్యక్షుడి అల్లుడు హైదరాబాదు నుంచి రెండు రకాలు తెచ్చాడు, ఒకటి నల్లది, ఒకటి రంగురంగుల లైట్లది. ఏది మంచిదో చెప్పమని నన్ను పిలిచారు. నేను పిచ్చిదాన్ని, నిజంగానే చెప్పమన్నారనుకున్నాను. ట్యూనింగ్ ఫోర్కు తీసుకుపోయి, మోకాలికి కొట్టి, దాని కాడను ఒక్కో క్లిప్పుకు ఆనించాను. రెండూ పచ్చగానే వెలిగాయి. తర్వాత తంబురకు పెట్టి తీగ మీటాను. నల్లదానికి పట్టు గట్టిది, నాదం సన్నబడేదాకా ముల్లు కదల్లేదు. రంగుల లైట్లది జారుతోంది, ముల్లు గంతులేస్తోంది. 

"నల్లది తీసుకోండి సార్" అన్నాను. 

"దాని మీద నాలుగువందల నలభై అని ఉందేమిటమ్మా?" అన్నాడు అధ్యక్షుడు. 

"లోకమంతా ఒప్పుకున్న కొలత సార్. ఆ స్వరం సెకనుకు అన్నిసార్లు అదురుతుంది. దాన్ని బట్టే మిగతా స్వరాలన్నీ చూపిస్తుంది. మీ హార్మోనియం కూడా ఆ కొలతకే చేసింది." 

"మార్చుకోలేమా?" 

"నల్లదాంట్లో మారదు. రంగులదాంట్లో బటన్ నొక్కితే మారుతుంది. అందుకే నల్లది మేలు." 

ఆయన గడ్డం గోక్కున్నాడు. కమిటీ కూర్చుంది. ఒకాయన రెండింటినీ అరచేతుల్లో పెట్టి బరువు చూశాడు. ఇంకొకాయన ఇందులో రేడియో వస్తదా అని అడిగాడు. నలుపు శుభకార్యానికి పనికిరాదని మూడో ఆయన తేల్చేశాడు. రంగులది ఖాయమైంది. చెవిటివాడి ముందు శంఖం ఊది ఇంటికి వచ్చాను.

ఆ శనివారం నాకు క్లాసు ఉండి భజనకు పోలేదు. అత్తమ్మ హారతికి ముందే తిరిగి వచ్చింది. తంబుర మూలన పెట్టింది. ఒక తీగ తెగి వేలాడుతోంది. 

"నాకు చెవి పోయిందంట బిడ్డా" అంది. 

కొంచెం కొంచెంగా చెప్పింది. ఎప్పటిలాగే హార్మోనియం మెట్టు నొక్కించుకుని, దానికి తంబుర శ్రుతి చేసింది. అధ్యక్షుడు క్లిప్పు పెట్టాడు. ఏ తీగ మీటినా ముల్లు ఎడమకే, ఎర్రలైటే. ఆయనే బిరడలు పట్టుకుని పచ్చలైటు వచ్చేదాకా తిప్పాడు. ఒక తీగ ఫట్‌మంది. తీగ పాతదన్నాడు. మిగిలిన తీగలతోనే ఆమెను పాడమన్నారు. హార్మోనియం ఒక దారి, తంబుర ఒక దారి. హార్మోనియాన్ని అనుసరించి పాడితే తంబురతో కలవదు. అందరూ కలిసి తప్పు ఆమె గొంతుదని తేల్చారు. ఆడలేక మద్దెల ఓడంటారు. ఇక్కడ ఓటి మద్దెల పట్టుకుని ఆడే మనిషిని తప్పుపట్టారు. వయసైపోయింది కదమ్మా, ఇక వెనక కూర్చుని వంత పాడండి, ముందు మా కోడలు పాడుతుంది అన్నాడట అధ్యక్షుడు.

ఆ రోజు నుంచి అత్తమ్మ పాడటం మానేసింది. బియ్యం ఏరేటప్పుడు తీసే కూనిరాగం కూడా పోయింది. పాడు అత్తమ్మా అంటే, "ఎవలన్న ఇంటరు, నవ్వుతరు" అనేది. నాకు ఒళ్లు మండిపోయింది. కొత్త తీగ వేసి, నా వయొలిన్ మీద ఒక స్వరం పట్టి, తంబుర దానికి కలపమన్నాను. కళ్లు మూసుకుని కలిపింది. వెంట్రుకవాసి తేడా లేదు. చెప్పులేసుకుని అధ్యక్షుడి ఇంటికి పోయాను.

ట్యూనర్ దేవుడి గూట్లో ఉంది. దాని తెర మూలకు పసుపు, కుంకుమ బొట్టు. స్విచ్ వేస్తే బొట్టు పక్కన చిన్న అంకెలు వెలిగాయి. 

"సార్, ఇది నాలుగువందల యాభై మీద ఉంది." 

"నేనే పెట్టించానమ్మా. నాలుగూ నాలుగూ సున్నా కూడితే ఎనిమిది. ప్రోగ్రాం ముందు శనిని నెత్తిన పెట్టుకుంటామా? నాలుగూ ఐదూ సున్నా, తొమ్మిది." 

"ఆ లెక్కన మీ హార్మోనియం ప్రతి మెట్టూ ఎనిమిదిలోనే ఉంది సార్. మా అత్తమ్మ దానికి సరిగ్గా కలిపింది. మీరు తంబుర ఒక్కదాన్నీ తొమ్మిదికి లాగారు." 

ఆయన మొహం పాలిపోయింది. అర్థమైందనే అనుకున్నాను. 

"అయితే హార్మోనియం మార్చాలంటావా?" అన్నాడు.

ఆయన్ని ఏమనుకుని ఏం లాభం? ఆయనకు మొదటి నుంచీ చెవి లేదు, అంకె ఉంది. నాకు అసహ్యమేసింది మిగతావాళ్ల మీద. ఏళ్ల తరబడి ఆమె గొంతు వెనక పాడినవాళ్లు. చెవి దగ్గర తంబుర, హార్మోనియం కొట్టుకు చస్తుంటే, పచ్చలైటు వైపు చూసి భక్తిగా కళ్లు మూసుకున్నవాళ్లు.

నవమికి భద్రాచలం నేనూ పోయాను, వినడానికి కాదు, చూడటానికి. పాత హార్మోనియమే, అరువు తెచ్చిన తంబుర, దాని తలకు పచ్చగా మెరుస్తూ ట్యూనర్. అధ్యక్షుడి కోడలు పాట ఎత్తుకుంది. మైకుసెట్టు అతను తన పెట్టెలోనే లోపముందనుకుని పాపం బటన్లు తిప్పుతూనే ఉన్నాడు. జనం ఒక్కొక్కరే లేచి ప్రసాదం వైపు పోయారు.

తర్వాత మండలి మొత్తం మా ఇంటికి వచ్చింది, అధ్యక్షుడితో సహా. "మీరు లేక కళ పోయింది అమ్మా. రావాలె" అన్నారు. అత్తమ్మ లోపలికి పోయి తంబుర తెచ్చుకుంది. వస్తూ వస్తూ ఒక బిరడ బాగా వదులు చేయడం నేను చూశాను. వాళ్ల ముందు కూర్చుని మీటింది. నాకు పళ్లు పులిశాయి. 

"శ్రుతిల ఉన్నదా, చూడుండ్రి" అంది. 

అందరూ తలలూపారు. "ఆహా" అన్నాడొకాయన. "అమృతమే" అన్నాడు రేడియో అడిగినాయన. అధ్యక్షుడి చెయ్యి మాత్రం జేబులోకి పోయింది. 

"క్లిప్పు పెట్టి చూడమంటారా అమ్మా?" 

"వద్దు అయ్యా. చెవి పోయిందంటే అవ్, నాకే పోయిందేమో అని ఇన్ని దినాలు ఏడ్చిన. ఎవలకు పోయిందో గిప్పుడు ఎరుకైంది. చాయ తాగి పోండ్రి." 

వాళ్లు చాయ తాగారు కూడా. గ్లాసులు తీస్తూ నేను ట్యూనర్‌ను నాలుగు తిట్లు తిట్టాను. 

"దాన్నేమనకు బిడ్డా. దానికి చెవుల్లేవు, వీళ్లకున్నయ్" అంది అత్తమ్మ. 

వదులు చేసిన తీగను బిగించి, వాళ్లు మా గేటు దాటకముందే పాట ఎత్తుకుంది.